భర్త దారి మరచిపోతున్నప్పుడు: బండి తాళం గురించి, ఇల్లు దాటి వెళ్ళడం గురించి



తోట్లవల్లూరు పరిసరాల్లోని ఒక ఊరి నుండి ఒక పెద్దాయనను ఆయన భార్య మన ఓపీకి తీసుకువచ్చారు. వారి అనుమతితో, ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి, జరిగిన సంగతి రాస్తున్నాము.

ఆయన డెబ్బై దాటిన రైతు. బీపీ బిళ్ళలు అయిపోతే ఉదయం తొమ్మిదింటికి మోపెడ్ వేసుకుని ఉయ్యూరు బయలుదేరారు. నలభై ఏళ్ళుగా వెళ్ళివస్తున్న దారి. ఊరు దాటాక ఉయ్యూరు వైపు తిరగవలసినవారు తిరగకుండా కరకట్ట ఎక్కారు. కరకట్ట మీద పోయేవారికి ఎక్కడా ఆగి ఆలోచించవలసిన పని పడదు. ఒకవైపు లంకలు, మరోవైపు చెరుకు, అరటి, పసుపు చేలు, ఎంత దూరం పోయినా ఒకేలా కనిపిస్తాయి. ఐలూరు దాటారు. ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం దాటారు. పెట్రోలు అయిపోయాక బండి తోసుకుంటూ నడిచారు. సాయంత్రానికి మోపిదేవి దగ్గర ఒక టీ కొట్టువారు ఆయన వాలకం చూసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఏ ఊరంటే చెప్పలేకపోయారు. కొడుకు ఫోను నంబరు అడిగితే తెల్లమొహం వేశారు. తమ సంఘం అయ్యగారి పేరు మాత్రం తడుముకోకుండా చెప్పారు. ఆ పేరు పట్టుకుని నలుగురికి ఫోన్లు చేయగా రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరారు.

మేము భార్యను అడిగాము: "అమ్మా, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా?" ఆమె మొదట లేదన్నారు. ఆయనను పక్క గదిలో రక్తపరీక్షకు పంపాక మెల్లగా చెప్పారు. "ఎనిమిది నెలల నుంచి నేను వెనకాల కూర్చుని దారి చెబుతున్నానండి. ఇటు తిప్పండి, అటు తిప్పండి అంటే ఆయన నడుపుతారు. ఆ రోజు నాకు జ్వరం, వెళ్ళలేకపోయాను. ఎవరికైనా చెబితే ఆయన పరువు పోతుందని చెప్పలేదు."

ఈ వ్యాసం రాయడానికి ఆమె మాటలే కారణం. మతిమరుపు జబ్బు మొదట తెలిసేది డాక్టరుకు కాదు, భార్యకు లేక భర్తకు. మొదట దాచేది కూడా వారే. ప్రేమతోనే దాస్తారు. కానీ ఈ జబ్బు తొలి దశలో ఉన్న మనిషికి బండి మీద గాని, ఇంటి బయట గాని జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఆ దాచడంలోనే ఉంటున్నదని మా అనుభవం.

చేతులకు తెలుసు, దారి తెలియదు

"బండి బ్రహ్మాండంగా నడుపుతారండీ, జబ్బేమిటి?" అని చాలామంది అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న, జవాబు తెలుసుకోవాలి.

అల్జీమర్స్ వ్యాధిలో మెదడు కణాలు ఒక వరుసలో దెబ్బతింటాయి. సాధారణంగా మొదట దెబ్బతినేది మెదడు లోపల, చెవుల వెనుక వైపుగా ఉండే హిప్పోక్యాంపస్, దానిని ఆనుకుని ఉన్న భాగం. కొత్త సంగతులు గుర్తుపెట్టుకునేది అక్కడే. మనం ఎక్కడ ఉన్నామో, ఎటు తిరగాలో చెప్పే "పటం" ఉండేదీ అక్కడే. ఈ పటం ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకు జాన్ ఓకీఫ్‌కు, నార్వేకు చెందిన మే బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌లకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

గేరు మార్చడం, బ్రేకు తొక్కడం, బ్యాలెన్సు ఆపుకోవడం వంటివి మెదడులో వేరేచోట ఉంటాయి. అవి చాలాకాలం చెడవు. చేతులు, కాళ్ళు తమ పని తాము చేసుకుపోతుంటే ఎటు పోతున్నదీ తెలియకపోవడం అందుకే. బాగా నడుపుతున్నారు గదా అని చూసేవారు మోసపోయేదీ ఇక్కడే.

దారితోపాటు ఇంకొకటి కూడా తగ్గుతుంది. అది నిర్ణయం తీసుకునే వేగం. అడ్డంగా గేదె వచ్చినా, లారీ వెనక్కి వస్తున్నా, క్షణంలో ఏమి చేయాలో తోచదు. పాత రోడ్డు గుర్తుండి కొత్త రోడ్డు గుర్తుండదు. విజయవాడ, మచిలీపట్నం రోడ్డు నాలుగు వరుసలయ్యాక డివైడర్లు, సర్వీసు రోడ్లు, యూటర్నులు వచ్చాయి. వెనుకటి బందరు రోడ్డు మాత్రమే తలలో ఉన్న మనిషి ఎదురుగా వచ్చే వరుసలోకి బండి దింపడానికి ఒక్క మలుపు చాలు.

ఈ జబ్బుకు పేరు వచ్చిన కథలో కూడా ఒక భర్త ఉన్నాడు. జర్మనీలో రైల్వేలో పనిచేసే ఒకాయన తన భార్యను 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి తీసుకువచ్చాడు. ఆమె వయస్సు 51. సొంత ఇంట్లోనే దారి తెలియక తిరిగేది, వస్తువులు ఎక్కడెక్కడో దాచేది. ఆమెను పరీక్షించిన డాక్టర్ ఆలోయిస్ అల్జీమర్, ఆమె మరణించాక మెదడును సూక్ష్మదర్శినితో చూసి 1906లో ఆ వివరాలు ప్రకటించాడు.

మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి సుమారు ఏడుగురికి డిమెన్షియా, అంటే మతిమరుపుతో కూడిన మెదడు జబ్బు ఏదో ఒకటి ఉన్నదని, మొత్తం సుమారు 88 లక్షలమంది ఉంటారని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వీటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్సే.

ముందు పరీక్షలు

ప్రతి మతిమరుపూ అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, షుగరు మరీ పడిపోతున్నా, మనోవ్యాకులత ఉన్నా, నిద్రమాత్రలు వాడుతున్నా, తాగుడు అలవాటున్నా మనిషి దారి తప్పవచ్చు. కొన్ని వారాల క్రితం బాత్‌రూములో జారిపడి తలకు దెబ్బ తగిలితే లోపల నెమ్మదిగా రక్తం గడ్డకట్టి కూడా ఇలా కావచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. కాబట్టి "ముసలితనం, ఇంతే" అని ఇంట్లో తీర్మానం చేయకండి. అల్జీమర్స్ అని తేలితే పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. కొందరిలో జ్ఞాపకశక్తికి కొంతకాలం ఆసరా ఇచ్చే బిళ్ళలు ఉన్నాయి. దారి తప్పడాన్ని మాత్రం ఆ బిళ్ళలు ఆపలేవు. అది ఇంటివారు చూసుకోవలసిన పని.

బండి ఎప్పుడు ఆపాలి?

వ్యాధి పేరు చెప్పిన రోజునే ప్రతి ఒక్కరూ బండి ఆపేయాలని విదేశాల్లోని వైద్యులు కూడా అనరు. జబ్బు చాలా తొలి దశలో ఉంటే పరీక్ష చేసి, ఆరు నెలలకొకసారి మళ్ళీ పరీక్ష చేస్తూ కొంతకాలం అనుమతిస్తారు. బ్రిటన్‌లో డిమెన్షియా అని తేలగానే లైసెన్సు ఇచ్చే కార్యాలయానికి తెలియజేయడం రోగి విధి. మన దగ్గర అలా రోడ్డు మీద నడిపించి చూసే పరీక్షాకేంద్రాలు అందుబాటులో లేవు. పైగా మన రోడ్ల మీద ట్రాక్టర్లు, ఎడ్లబళ్ళు, ఎదురువచ్చే ఆటోలు, కాలువ గట్ల మీద అంచు లేని మలుపులు. కాబట్టి మా సలహా కొంచెం కఠినంగానే ఉంటుంది. రెండు చక్రాల బండి గాని, కారు గాని, ట్రాక్టరు గాని, జబ్బు ఖాయమని తేలాక త్వరగా మానిపించడమే మంచిది.

ఇంకా ఖాయం కాని స్థితిలో ఉంటే ఈ గుర్తులు చూడండి. తెలిసిన మలుపు దాటిపోవడం. బజారుకు వెళ్ళి అరగంటలో రావలసినవారు రెండు గంటలకు రావడం, ఎందుకు ఆలస్యమైందంటే కోపం తెచ్చుకోవడం. బండికి, గేటుకు కొత్త గీతలు. స్టాండు తీయకుండా, లైటు వేయకుండా బయలుదేరడం. మరీ నెమ్మదిగా, రోడ్డు మధ్యన పోవడం. బండి ఎక్కడ పెట్టారో మరచి నడిచి ఇంటికి రావడం. చివరిగా, పైన చెప్పిన అమ్మగారి గుర్తు: మీరు వెనుక కూర్చుని దారి చెప్పకపోతే ఆయన చేరలేకపోవడం. మీరు దారి చెబుతున్నారంటే, బండి నడిపేది సగం మీరే అన్నమాట. అది సాయం అనుకోకండి, ప్రమాద సూచన అనుకోండి.

ఇంకా సందేహం ఉంటే ఒక ప్రశ్న వేసుకోండి. "మనవరాలిని ఆయన బండి వెనుక కూర్చోబెట్టి స్కూలుకు పంపుతానా?" పంపను అని మనస్సు చెబితే, ఆయన ఒక్కరే వెళ్ళడం కూడా మానాలి. ఎదురుగా వచ్చే బండి మీద ఉన్నది కూడా ఎవరో ఒకరి మనవరాలే.

లైసెన్సు సంగతి కూడా చెప్పాలి. 2019 సవరణ తరువాత 55 ఏళ్ళు దాటినవారికి లైసెన్సు ఐదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మోటారు వాహనాల చట్టం 1988, 16వ సెక్షన్ ప్రకారం జబ్బు వలన మనిషి బండి నడపడానికి తగడని నమ్మే కారణం ఉంటే అధికారి ఆ లైసెన్సును ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. సర్టిఫికెట్ కోసం వచ్చేవారు బీపీ, కంటిచూపు గురించి చెప్పి దారి తప్పిన సంగతి దాచిపెట్టడం మామూలే. పది నిమిషాల్లో మేము కనిపెట్టలేము. దయచేసి అలా సంతకం పెట్టించుకోవద్దు.

ఎలా ఆపాలి?

మగవారికి బండి అంటే వట్టి ఇనుము కాదు. ఎవరినీ అడగకుండా వెళ్ళివచ్చే స్వతంత్రం. కొడుకు ఒక్కసారిగా తాళం లాక్కుంటే ఆయన దృష్టిలో అది అవమానం. ఇంట్లో రోజూ గొడవే. ఒకాయన డూప్లికేటు తాళం చేయించుకుని మరీ వెళ్ళారు.

జబ్బు తొలి దశలో ఉన్నప్పుడే ఈ మాట ఎత్తండి. ఎందుకంటే అప్పుడు ఆయనకు అర్థం చేసుకునే శక్తి ఉంటుంది, నిర్ణయం ఆయనదిగా ఉంటుంది. "ఏమండీ, డాక్టరుగారు ఇలా అన్నారు, ఎప్పుడు మానేద్దాం?" అని అడిగితే "సంక్రాంతి దాకా, అదీ ఊళ్ళోనే" అని ఆయనే ఒక గీత గీసుకోవచ్చు. ఏడాది ఆగితే ఆ సంభాషణకు అవకాశం ఉండదు, తాళం దాచడమే మిగులుతుంది.

నింద మా మీద వేయండి. ఇది మొహమాటం లేకుండా చెబుతున్నాము. "బండి నడపరాదు" అని మందుల చీటీ మీదనే పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టి ఇస్తాము. ఆయన అడిగినప్పుడల్లా ఆ చీటీ చూపించండి. భార్య వద్దన్నదంటే వచ్చే కోపం డాక్టరు వద్దన్నాడంటే చాలామందికి రాదు. వచ్చినా డాక్టరు మీదికి వస్తుంది, మేము తట్టుకోగలము.

తాళం మరీ మరీ అడుగుతుంటే బండి కంటికి కనిపించకుండా చేయడం మేలు. చుట్టాల ఇంట్లో పెట్టండి, లేదా అమ్మేయండి. వాకిట్లో బండి కనిపిస్తున్నంతకాలం ఎక్కాలనే బుద్ధి పుడుతుంది. "రిపేరుకు ఇచ్చాం" అని చెప్పడం అబద్ధమా అని ఒక సోదరి అడిగారు. జబ్బు ముదిరాక, నిజం చెబితే పది నిమిషాలకొకసారి కొత్తగా దుఃఖపడే మనిషికి ఏమి చెప్పాలన్నది ప్రార్థనతో మీరే తేల్చుకోవాలి. మా వరకు, ఆమెను తప్పుపట్టలేదు.

ఒక సంగతి మాత్రం ఎవరూ ముందుగా ఆలోచించరు. మన ప్రాంతంలో డెబ్బై ఏళ్ళ ఇల్లాలికి బండి రాదు. ఆయన బండి ఆగితే ఆమె కూడా ఆగిపోతుంది. ఆరాధనకు, బ్యాంకుకు, పింఛనుకు, ఆసుపత్రికి ఎలా? ఆయన బండి ఆపలేదని ఆమెను తప్పుపట్టేముందు ఈ ప్రశ్నకు జవాబు చూపించాలి. తెలిసిన ఆటో అబ్బాయిని ఒకరిని మాట్లాడి నెలకు లెక్క కట్టుకోవడం ఒక దారి. బండి మీద పెట్రోలు, రిపేర్లకు అయ్యే ఖర్చు పక్కన పెట్టుకుంటే అంత భారం కాదు. ఆదివారం ఇద్దరినీ ఆరాధనకు తీసుకువెళ్ళి దింపడం యవ్వనస్థుల సమాజం వంతుల ప్రకారం చేయగలిగిన పని.

నడిచి వెళ్ళిపోయేవారు

బండి ఆగినా కాళ్ళు ఉన్నాయి. ఈ జబ్బు ఉన్నవారిలో పదిమందికి ఆరుగురు ఎప్పుడో ఒకప్పుడు దారి తప్పుతారని అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ చెబుతుంది. ఉన్నట్టుండి పిచ్చిగా వెళ్ళిపోతారని అనుకుంటాము గాని, చాలాసార్లు వారికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం నేటిది కాదు, అంతే. పొలం అమ్మి పదిహేనేళ్ళయిన రైతు తెల్లవారుజామున లేచి "చేనుకు నీళ్ళు పెట్టాలి" అని బోదె గట్టు పట్టుకుని పోతాడు. రిటైరైన మాస్టారు బడికి టైమైందంటాడు.

ఆడవారి సంగతి మరొకలా ఉంటుంది. పొద్దుగూకే వేళకు కలత మొదలవుతుంది. "ఇంటికి పోవాలి, అమ్మ చూస్తుంటుంది" అంటారు. దివి నుండి యాభై ఏళ్ళ క్రితం ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఒకామె రోజూ సాయంత్రం చీరలు మూటగట్టుకుని పుట్టింటికి బయలుదేరేది. భర్త మొదట వాదించేవాడు. "ఇదే నీ ఇల్లు, మీ అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది." ప్రతిసారీ ఆమె ఆ వార్త అప్పుడే విన్నట్టు ఏడ్చేది. తరువాత ఆయన పద్ధతి మార్చుకున్నాడు. "సరే, పద, నేనూ వస్తా" అని చెయ్యి పట్టుకుని గుడి దాకా నడిచి, "పొద్దుపోయింది, ఈ రాత్రికి ఇక్కడ భోంచేసి రేపు పోదాం" అని తిప్పుకొచ్చేవాడు. ఈ పద్ధతి ఆయనకు ఎవరూ నేర్పలేదు. మేము ఇప్పుడు ఇతరులకు చెబుతున్నది ఆయన దగ్గర నేర్చుకున్నదే. అలాంటి కలత వేళ ఆకలి, దాహం, ఒంటికి వెళ్ళవలసిన అవసరం, ఎక్కడైనా నొప్పి ఉన్నదేమో కూడా చూడండి. వారు చెప్పలేరు.

ఇంటి ఏర్పాట్లు తేలికే. గేటుకు ఒక గంట కట్టండి. తలుపు గడియ మామూలు చోట కాకుండా బాగా పైన గాని, బాగా కింద గాని బిగించండి, చాలామంది అక్కడ వెతకరు. చెప్పులు, కండువా, చేతికర్ర, తాళాల గుత్తి వాకిలి దగ్గర కనిపించనీయకండి. వాటిని చూస్తే బయలుదేరాలనిపిస్తుంది. పగలు కాస్త నడిపించండి, కాళ్ళకు పని ఉంటే రాత్రి తిరుగుడు తగ్గుతుంది. కాని మనిషిని ఒంటరిగా లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్ళవద్దు. గ్యాసు వాసన వచ్చినా, నిప్పంటుకున్నా బయటపడలేరు.

ఒంటిమీద ఒక గుర్తు తప్పనిసరి. పేరు, రెండు ఫోను నంబర్లు, "నాకు మతిమరుపు జబ్బు ఉంది, దయచేసి ఫోను చేయండి" అన్న ఒక్క వాక్యం. దానిని లామినేషన్ చేయించి జేబులో పెడితే చాలదు. చొక్కా మారుస్తారు, జేబులోవి తీసి పారేస్తారు. చొక్కాలన్నిటికీ లోపలి వైపు గుడ్డ ముక్క మీద రాసి కుట్టండి. స్టీలు కడియం మీద నంబరు చెక్కించినా మంచిదే. బంగారు గొలుసు, ఉంగరం మాత్రం తీసి దాచండి.

ఫోనులో ఎక్కడున్నదీ చూపించే సదుపాయం పెట్టుకోవడం మంచిదే. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడి నుండే చూస్తానంటాడు. సంతోషం. కాని మనకు పగలైతే అతడికి రాత్రి. పైగా ఫోను మంచం మీద వదిలి మనిషి వెళ్ళిపోతే ఫోను భద్రంగా ఇంట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని రెండవ కాపలాగానే ఉంచుకోండి.

తెలియని చోట్లకు వెళ్ళినప్పుడు ప్రమాదం రెట్టింపు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవానికి గాని, ఉజ్జీవ కూటాలకు గాని, పెళ్ళికి గాని తీసుకువెళితే ఫలానావారు చెయ్యి పట్టుకుని ఉండాలని ముందే ఒకరిని నియమించుకోండి. అందరూ చూస్తారులే అంటే ఎవరూ చూడరు. వరదలప్పుడూ అంతే. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులు మించిన నీరు వచ్చింది. అంత వరదకు లంకలవారు ఇళ్ళు వదిలి కట్ట ఎక్కవలసిందే. రాత్రికి రాత్రి కొత్తచోట పడుకున్న మతిమరుపు రోగి లేచి ఇల్లు వెతుక్కుంటూ నీటివైపే పోగలడు. పునరావాస కేంద్రానికి వెళ్ళిన వెంటనే అక్కడి సిబ్బందికి చెప్పండి.

కనిపించకపోతే

మొదటి పదిహేను నిమిషాలు ఇల్లు, దొడ్డి, పశువుల కొట్టం, పక్కిళ్ళు వెతకండి. దొరకకపోతే ఇక ఆలోచించకండి. 112కు ఫోను చేయండి, దగ్గరి పోలీస్ స్టేషనుకు ఒకరు వెళ్ళండి. "ఇరవై నాలుగు గంటలు ఆగి రండి" అనే నియమం చట్టంలో లేదు. మతిమరుపు జబ్బు ఉన్నదని మొదటి మాటగా చెప్పండి, డాక్టరు చీటీ చూపించండి. నిలువెత్తు ఫోటో ఒకటి ఫోనులో ఎప్పుడూ ఉంచుకోండి. పొద్దున ఏ రంగు చొక్కా వేసుకున్నారో రోజూ గమనించే అలవాటు చేసుకోండి. ఆ గాభరాలో గుర్తురాదు.

నడిచి వెళ్ళినవారు ఎక్కువగా బయలుదేరినచోటికి ఒకటి రెండు కిలోమీటర్లలోపే దొరుకుతారు. అయితే రోడ్డు మీద కాదు. ఒక దిక్కు పట్టుకుని నడుస్తూ పోయి ఎక్కడో ఇరుక్కుని అక్కడే ఆగిపోతారు. పేరు పెట్టి పిలిచినా పలకరు. పిలుపు తమకేనని తెలియదు, లేదా భయపడి నక్కుతారు. అందువలన రోడ్ల వెంట మోటారు సైకిళ్ళ మీద కేకలు వేసుకుంటూ తిరిగితే లాభం లేదు. మన దగ్గర చెరుకు తోటలు, అరటి తోటలు, కాలువ గట్ల పొదలు, మురుగు కాలువలు, పాడుబడ్డ కొట్టాలు. వీటిలోకి దిగి అడుగడుగూ చూడాలి. ఎదిగిన చెరుకులో మూడు వరుసల అవతల కూర్చున్న మనిషి కనిపించడు. నీళ్ళున్న చోట్లు మొదట చూడండి. పాత పొలం, పాత ఇల్లు, పూర్వం పనిచేసిన చోటుకు ఒకరిని పంపండి. ఇంటి దగ్గర ఒకరు ఉండాలి, తిరిగి రావచ్చు. దొరికాక తిట్టకండి. నీళ్ళు తాగించి, పాదాలు చూసి, ఆసుపత్రికి తీసుకురండి. అవసరమైతే 108 పిలవండి.

నిద్రపోయిన భార్య

జపాన్‌లో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. 2007 డిసెంబరులో ఓబు అనే పట్టణంలో 91 ఏళ్ళ మతిమరుపు రోగి ఒకాయన ఇల్లు దాటి వెళ్ళి రైలు కింద పడి చనిపోయాడు. ఆయనను చూసుకుంటున్న భార్యకు అప్పుడు 85 ఏళ్ళు. కొద్దిసేపు కునుకు పట్టింది, అంతే. రైళ్ళు ఆలస్యమై నష్టం వచ్చిందని రైల్వే సంస్థ ఆ కుటుంబం మీద దావా వేసింది. కింది కోర్టులు భార్య నష్టపరిహారం కట్టాలన్నాయి. చివరకు 2016 మార్చిలో జపాన్ సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి బాధ్యత లేదని తీర్పు చెప్పింది. ఆ దేశంలో 2023లో ఇలా తప్పిపోయినట్టు పోలీసులకు అందిన ఫిర్యాదులు 19 వేలు దాటాయి.

మన ఊళ్ళలో ఎవరూ దావా వేయరు. కాని "ఇంట్లో ఉండి ఏం చేస్తున్నావు?" అని చుట్టాలంతా అడుగుతారు. ఆ మాట దావా కంటే తక్కువేమీ కాదు. ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండగల మనిషి లేడు. వారానికి రెండు మధ్యాహ్నాలు కూతురో, కోడలో, సంఘంలో ఒక సోదరో వచ్చి కూర్చుంటే ఆమె నిద్రపోతుంది. స్త్రీల సమాజం పరామర్శకు వచ్చినప్పుడు పండ్లు తేవడంతోపాటు "రెండు గంటలు మేముంటాం, మీరు పడుకోండి" అంటే అంతకంటే పెద్ద సాయం లేదు. చూసుకునేవారికి బీపీ, షుగరు పరీక్షలు కూడా తప్పనిసరి. రోగిని తీసుకువచ్చి తమ బిళ్ళలు మరచిపోయేవారిని మేము రోజూ చూస్తున్నాము.

ఊరికి చెప్పడం

ఇక అసలు కష్టమైన పని. పక్కింటివారికి, కిరాణా కొట్టువారికి, ఆటో స్టాండులోవారికి, కరకట్ట మీద టీ కొట్టువారికి, అయ్యగారికి చెప్పాలి. "మాయనకు మతిమరుపు జబ్బు. ఒంటరిగా కనిపిస్తే కబుర్లలో పెట్టి కూర్చోబెట్టి నాకు ఫోను చేయండి." ఇంతే. పట్నం ఇళ్ళకు లేని భాగ్యం ఇది. పల్లెటూళ్ళో ప్రతి అరుగు మీదా ఒక జత కళ్ళుంటాయి. అవి దేనికోసం చూడాలో తెలియాలి, అంతే. అలా తెలిసినవారు ఎగతాళి చేయకూడదని, పిల్లలు వెంటపడకూడదని పాస్టరుగార్లు ఒకసారి చెబితే బాగుంటుంది. సినిమాల్లో మతిమరుపు నవ్వులాట. ఇంట్లో అలా కాదు.

మొదట్లో చెప్పిన అమ్మగారు ఆ ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి, ప్రార్థన మనవి అడుగుతున్నట్టే ఈ సంగతి చెప్పారు. గొంతు వణికిందట. ఆమె కూర్చునేలోపు వెనుక వరుసలో మరొకామె లేచి "మాయనకూ ఇలాగే ఉందండి" అన్నదట. మోపెడ్ ఇప్పుడు మచిలీపట్నంలో అల్లుడి దగ్గర ఉంది. పెద్దాయన దాని గురించి అప్పుడప్పుడు అడుగుతారు. అమ్మగారు చీటీ చూపిస్తారు. ఆ తరువాత రెండుసార్లు ఇల్లు దాటారు. రెండుసార్లూ కరకట్ట ఎక్కకముందే ఆటో స్టాండు దగ్గర ఆపి ఇంటికి తెచ్చారు.

ఓపీకి వచ్చేటప్పుడు తెచ్చుకోవలసినవి: ఇప్పుడు వాడుతున్న మందులన్నీ (ఆయుర్వేదం, నిద్రమాత్రలతో సహా), పాత పరీక్షల కాగితాలు, ఎప్పటి నుండి ఏమేమి మారాయో తేదీలతో ఒక కాగితం మీద రాసుకున్నవి. రోగి ఎదుట చెప్పడానికి ఇష్టం లేకపోతే ఆ కాగితం సిస్టరు చేతికి ఇవ్వండి, మేము ముందే చదువుతాము. వృద్ధుల సమస్యలకు జాతీయ సహాయ ఫోను నంబరు 14567. అల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం 1992లో ఏర్పడిన ఏఆర్‌డీఎస్‌ఐ సంస్థకు హైదరాబాదులో శాఖ ఉంది. జేబులో పెట్టే, చొక్కాకు కుట్టే గుర్తింపు కార్డులు కావాలంటే ఓపీ బల్ల దగ్గర అడగండి. పేరు, రెండు ఫోను నంబర్లు చెబితే అక్కడే రాసి ఇస్తారు.